నీటికుక్కల కోసం నెలకింత

ఫిల్మ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ గుట్ట మీద ఉంది. కృష్ణ నీళ్లు అంత దూరం నుంచి మోటార్లతో ఎక్కి మా దాకా వస్తాయి. కొళాయి తిప్పితే పడతాయి కాబట్టి ఆ సంగతి ఎవరికీ పట్టదు. నాకూ పట్టేది కాదు. డబ్బింగ్ సినిమాలకు మాటలు రాసుకునేవాణ్ణి, నా గొడవ నాది.

మాకు ఆ నీళ్లొచ్చే నల్గొండ వైపు జలాశయం ఒడ్డున, నీటికుక్కలు పిల్లల్ని పెట్టేచోట, చేపలు పట్టే కుటుంబానికి చెందిన ఒకావిడ కాపలా ఉండేది. షూటింగ్ పని మీద వెళ్లినప్పుడు పరిచయమైంది. ఆమెకు జీతమిచ్చే చిన్న సంస్థ చేతులెత్తేసింది. అక్కడి నీళ్లూ కరెంటూ వాడుకునేది మనం, ఆ కాపలాకు నెలనెలా మెయింటెనెన్స్‌తో పాటు కొంత కడదామని మా అసోసియేషన్‌లో ప్రతిపాదన పెట్టాను. ఒప్పుకుంటే ఆమె పని నిలబడుతుంది. లేకపోతే ఆ నెలతో సరి.

మీటింగ్‌కి ఆమెనే పిలిపించాను. ముందురోజు మా ఇంట్లో కూర్చోబెట్టి, ఏం చెబుతావమ్మా అని అడిగాను.

"మీ పట్నంకు నీళ్లు గుంజినప్పుడు గాడ నీళ్లు దిగుతయి సారు. బొరియలు బయటవడ్తయి. గప్పుడే ఊరకుక్కలొస్తయి. గందుకే నేను కావలి కూసుంట" అంది.

నాకు చప్పగా అనిపించింది. ఇరవై ఏళ్ల అలవాటు, చెయ్యి ఊరుకుంటుందా! గంగమ్మ కల్లోకి వచ్చి తల్లిలేని పిల్లల్ని అప్పగించిందని కొత్తగా రాశాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్లొత్తుకోవాలో కూడా చెప్పాను. మోటార్ల మాట కూడా చెప్పనా అని ఆమె ఒకసారి అడిగింది. వద్దన్నాను, వినేవాళ్లకు కోపం వస్తుందని.

సెల్లార్‌లో కార్ల మధ్య కుర్చీలు వేశారు. ఆమె ఒక్క మాట తప్పకుండా, నా కోస్తా తెలుగులో అప్పజెప్పింది. కళ్లు కూడా ఒత్తుకుంది. కూర్చున్నవాళ్లలో సగంమంది ఎడిటర్లూ డబ్బింగ్ చెప్పేవాళ్లూ. తాతకు దగ్గులు నేర్పబోయాను.

ప్రెసిడెంటు ప్రొడక్షన్ మేనేజర్‌గా చేసినాయన. "మాటలు బాగున్నాయండీ. మీవే కదూ?" అన్నాడు తాపీగా.

అందరూ నవ్వారు. ఈమెను జూనియర్ ఆర్టిస్టులుండే కృష్ణానగర్ నుంచి తెచ్చారా అని వెనక నుంచి ఎవరో అడిగారు. నేను లేచి మోటార్ల సంగతి చెప్పబోయాను. అదీ నేను రాసిందే అనుకున్నారు. ప్రతిపాదన వీగిపోయింది.

ఆమెను ఆటోలో బస్టాండుకు తీసుకెళ్లాను. షేక్‌పేట ఫ్లైఓవర్ దాటాక, మా బిల్డింగులో మోటారు ఎన్నింటికి వేస్తారని మాత్రం అడిగింది. ఆరింటికని చెప్పాను. నాకు తల కొట్టేసినట్టయింది.

ఎండాకాలంలో ఫోన్ చేశాను. నీళ్లు బాగా దిగిపోయాయట. కాపలా ఎవరూ లేరట. పిల్లలు ఎన్ని మిగిలాయని అడిగాను.

"ఏం మిగల్లే సారు" అంది.

ఆ మాటలో మార్చడానికి నాకేమీ కనపడలేదు.