ఆంబ్రోస్ పెట్టిన వేరు కుంపటి

స్టాన్‌కూంబ్ ఊళ్ళో ఉన్ని దువ్వే ఆంబ్రోస్ గల్లిఫర్‌కి నలభై రెండేళ్ళు వచ్చినా గరిటె పట్టుకోవడం రాదు. ఆ అవసరం పడలేదు. పెళ్ళి కుదిరిన పిల్ల కాస్తా బ్రిస్టల్ నావికుడితో చెక్కేశాక, భర్త పోయి ఒంటరిగా ఉన్న అక్క థామజిన్ ఇంట్లో చేరాడు. పదకొండేళ్ళుగా ఆవిడ వండింది తింటూ, తిట్టింది వింటూ సుఖంగానే ఉన్నాడు. థామజిన్ నోటికి ఊరు భయపడేది, ఆవిడ చేతి వంటకి పడిచచ్చేది. ఎవరింట్లో చావు జరిగినా, దినాన బార్లీ సూపు ఆవిడే కాచాలి.

అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఉన్న దిగులు ఒక్కటే, ఆఖరి తమ్ముడు జైల్స్. మూడున్నరేళ్ళ కిందట రాజు మీద ఒక డ్యూకు తిరుగుబాటు చేసినప్పుడు, ఆ సైన్యం గుర్రాలకు నీళ్ళు పెట్టాడని పంతొమ్మిదేళ్ళ కుర్రవాణ్ణి పట్టుకుపోయారు. పేర్ల జాబితా రాసిచ్చింది సర్ బాల్డ్విన్ చిడ్లీ దొర. రాజుగారి జడ్జి ఒక్క పూటలో ఎనభై మందికి తీర్పు చెప్పేసి భోజనానికి లేచాడు. జైల్స్‌ని ఓడెక్కించి బార్బడోస్ చెరకు తోటలకు తోలారు. ఒక ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత రాలేదు. ఆ ఇంట్లో వాడి పేరు పైకి అనడం కూడా మానేశారు.

అంతటి రాజూ ఆ డిసెంబరులో పారిపోయాడు. పోతూ పోతూ రాజముద్రను థేమ్స్ నదిలో పారేశాడని సంతలో చెప్పుకున్నారు.

"ముద్ర పోతే ఇంకోటి చేయించుకుంటారు గానీ, రాజు పోతే ఎలా?" అన్నాడు ఆంబ్రోస్, దువ్వెన నిప్పుల మీద వేడి చేస్తూ.

"రాజును కూడా చేయించుకుంటారట," అన్నాడు పక్కన ఉన్ని దువ్వుతున్న సైలస్. "ఊరికి ఇద్దర్ని లండన్ పంపితే, వాళ్ళంతా సభ తీర్చి తేలుస్తారట. పాత రాజుగారి అల్లుడొచ్చి కూర్చున్నాడుగా, ఆయనకే ఇస్తారంటున్నారు. ఊరికే ఇవ్వరులే. చట్టాన్ని తోసిరాజనకూడదు, సభ ఒప్పుకోకుండా పన్ను వెయ్యకూడదు, సైన్యాన్ని మేపకూడదు. ఇవన్నీ ముందే చదివి వినిపిస్తారట."

"అంటే ఇల్లరికపుటల్లుడన్నమాట."

"అంతే మరి. నచ్చితే ఉంటాడు, లేకపోతే వాళ్ళ ఊరెళతాడు."

ఆంబ్రోస్ చాలాసేపు నవ్వాడు. సర్ బాల్డ్విన్ దొర కూడా పోటీలో ఉన్నాడని సైలస్ చెప్పగానే ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది. మిగతా ఇద్దరిలో ఒకరు బట్టల వర్తకుడు నథానియెల్ యో, రెండో ఆయన కొద్దిపాటి భూములున్న హ్యూ టాప్.

స్టాన్‌కూంబ్‌లో ఓటుకి పాత కట్టుబాటు ఒకటుంది. సొంత పొయ్యి మీద సొంత కుండ పెట్టి వండుకునే మగవాడికే ఓటు, పంపేది ఇద్దర్ని కాబట్టి మనిషికి రెండేసి ఓట్లు. ఇంకొకరి వంట తినేవాడు ఇంకొకరి మనిషి కిందే లెక్క, వాడి మాట చెల్లదు. ఆ సాయంత్రం ఆంబ్రోస్ ఇంటికి వెళ్ళి, కంచం ముందు కూర్చోకుండా నిలబడ్డాడు.

"అక్కా, నేను వేరు కుంపటి పెట్టుకోవాలి."

థామజిన్ గరిటె ఆపింది. "ఏం, నా వంటకేం రోగమొచ్చింది?"

"వంటకేం రాలేదు. ఓటు కోసం."

"పదకొండేళ్ళు మేపితే ఇదిట్రా నువ్వు చేసేది? రేపు ఊళ్ళో నా మొహాన్న ఉమ్మేస్తారు, తమ్ముడికి తిండి పెట్టలేదని."

"మన జైల్స్ పేరు రాసిచ్చినాయన మన తరఫున లండన్ వెళతానంటున్నాడే. నేను నోరు మూసుకుని నీ సూపు తాగుతూ కూర్చోనా?"

థామజిన్ గరిటె కింద పెట్టింది. అటక ఎక్కి, చెవి విరిగిన ఇనప కుండ ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది. "మాడిస్తే నువ్వే తోముకో," అంది.

మంగళవారం ఊరిపెద్ద లవీస్‌గారు కుండల తనిఖీకి వస్తారన్నారు. సందేహానికి తావు లేకుండా నలుగురి ఎదుట వండి చూపించడం అక్కడి ఆనవాయితీ. జనవరి చలిలో వీధి పొడుగునా పొయ్యిలు వెలిశాయి. ఇంటి పనంటే కుర్చీ కూడా జరపని మగమహారాజులు పొగలో కళ్ళు తుడుచుకుంటూ ఊదుతుంటే, పెళ్ళాలు గుమ్మాల్లో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వారు. ఆంబ్రోస్ టర్నిప్పులు తొక్క తియ్యకుండానే కుండలో వేశాడు. ఉప్పు ఒకసారి వేశాడో రెండుసార్లు వేశాడో గుర్తులేక మూడోసారి కూడా వేశాడు.

చూడలేక థామజిన్ తన సూపు ఒక చెంబు తెచ్చి అందులో పొయ్యబోయింది. ఆంబ్రోస్ కుండకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దక్కా. నీ చేతి రుచి ఊరందరికీ తెలుసు. నా ఓటు పోతుంది."

లవీస్‌గారి వెంట దొరగారి దివాను క్రోకర్ కూడా వచ్చాడు. దొరకి ఓటెయ్యరనుకున్నవాళ్ళ పేర్లు వీలైనన్ని కొట్టించడమే ఆయన పని. ఆంబ్రోస్ దగ్గర ఆగి మీసం దువ్వాడు.

"ఈయన అక్కగారి మనిషి. కుండ వీధిలో పెట్టినంత మాత్రాన వంట ఈయనదే అయిపోతుందా? థామజిన్ సూపు నేను కళ్ళు మూసుకుని చెప్పగలను. ఏదీ, గరిటె ఇటివ్వండి."

తాగాడు. దగ్గొచ్చింది. లవీస్‌గారు వీపు తట్టాల్సి వచ్చింది.

"ఏమంటారు? ఆవిడ చేసిందేనా?"

"కాదు," అన్నాడు క్రోకర్ కళ్ళు తుడుచుకుంటూ. "మనుషులు చేసింది కాదిది."

వీధంతా గొల్లుమంది. లవీస్‌గారు ఆంబ్రోస్ గల్లిఫర్ అని పుస్తకంలో రాయించారు.

శుక్రవారం సంత చావడి ముందు తాడు కట్టి, బల్ల వేశారు. ఓటు ఊరంతా వినేలా పైకి చెప్పాలి. వరసలో నిలబడ్డ ఆంబ్రోస్ చెవి దగ్గరకు క్రోకర్ వచ్చాడు. "ఒకటి నీ ఇష్టం వచ్చినవాడికి వేసుకో. రెండోది దొరగారికి. మీరుంటున్న ఇంటి స్థలం ఎవరిదో మర్చిపోకు," అన్నాడు.

ఆంబ్రోస్ వంతు వచ్చింది.

"నథానియెల్ యో," అన్నాడు. గుమాస్తా రాసుకున్నాడు.

"రెండోది?"

ఇల్లు తనది కాదు, అక్కది. తాడుకి అవతల ఆడవాళ్ళ మధ్య నిలబడ్డ థామజిన్ వైపు తిరిగాడు ఆంబ్రోస్.

"అక్కా, మన ఇంటి స్థలం దొరగారిదని గుర్తుచేస్తున్నారు. రెండోది ఎవరికి చెప్పమంటావ్?"

"ఆడవాళ్ళకి ఇక్కడ మాట లేదు," అన్నాడు గుమాస్తా.

"మాట నేనే చెబుతానండి. పదకొండేళ్ళు ఆవిడ చేతి తిండి తిన్నాను, నాలుగు రోజులు నాది నేను తిన్నాను. ఆవిడ్ని అడగకుండా ఎలా చెప్పను?"

పక్కనున్న ఆడవాళ్ళు థామజిన్‌కి దారి ఇచ్చారు.

"హ్యూ టాప్," అంది. "ఆ రోజు కోర్టులో లేచి, మా జైల్స్ మంచి పిల్లాడండీ అన్నది ఆయనొక్కడే. ఇల్లు పోతే పోనీరా."

"హ్యూ టాప్," అన్నాడు ఆంబ్రోస్, ఊరంతా వినేలా.

గుమాస్తా రాసుకున్నాడు. థామజిన్ తాడు దాకా వచ్చి, ఆ పేరు ఎక్కడ రాశారో చూపించమంది. ఆవిడకు చదువు రాదని ఆ గుమాస్తాకీ తెలుసు. అయినా పుస్తకం ఆవిడ వైపు తిప్పి, పేరు కింద వేలు పెట్టి, ఆవిడ చాలు అనేదాకా అలాగే పట్టుకున్నాడు.