సింహాచలం మావయ్య ఫొటోకి దండ వేసిన రోజు

మా చిన్నప్పుడు ఒక జనవరి జెండా పండగ పొద్దున్న... సింహాచలం మావయ్య ఫొటోని రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని నర్సీపట్నంలో మా బడికి తీసుకెళ్లాను. నాకప్పుడు ఎనిమిదేళ్లు. దారిలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "మా నేవీ మావయ్య" అని చూపించుకుంటూ వెళ్లాను.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. ఇరవై రెండేళ్లు. చెరుకు తోటలో పని నావల్ల కాదని నేవీలో చేరిపోయాడు... బంగ్లాదేశ్ యుద్ధంలో ఆయన ఓడ మునిగిపోయింది. ఇంటికొచ్చిన టెలిగ్రాంలో మాత్రం చనిపోయాడని లేదు... గల్లంతయ్యాడని ఉంది. చదివి చెప్పిన పోస్టుమాస్టారితో మా అమ్మమ్మ ఒకే మాట అంది.

"గల్లంతైతే ఎతకాల గదా బాబూ... ఎతకమని రాయండి."

ఆ టెలిగ్రాం వచ్చి నెలన్నర కూడా కాలేదు. జెండా పండక్కి మావయ్య ఫొటో బడిలో పెడతామని హెడ్మాస్టారు కబురు పంపారు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫొటోయే. విశాఖపట్నం స్టూడియోలో నేవీ డ్రెస్సులో తీయించుకున్నది... ఫ్రేము లేదు, అద్దం లేదు, అట్టకి అంటించి ఉంది.

"నలుగురూ సూస్తే ఎవలైనా ఆచూకీ సెప్తారేమో, అట్టుకెళ్లే" అని అమ్మమ్మే నా చేతికిచ్చింది.

బడిలో ఏం చేశారో తెలుసా? ఫొటోని కుర్చీలో పెట్టి, నుదుటి మీద తడి కుంకుమతో ఇంత బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసేశారు! ముందు దీపం కూడా! కోటవురట్ల నుంచి జీపులో వచ్చిన ఓ పెద్దమనిషి మైకు పట్టుకుని "అమరుడు, అమరుడు" అని అరగంట దంచాడు... సోడా తాగాడు... వెళ్లిపోయాడు. మావయ్య ఇంటిపేరు కూడా తప్పు చదివాడు.

నేను పిచ్చిమొద్దులా చప్పట్లు కొట్టి, ఆ దండతోనే ఫొటోని ఇంటికి తెచ్చాను.

అమ్మమ్మ వాకిట్లోనే చూసింది.

"ఏటే ఇది? నా కొడుకు సచ్చిపోనాడని ఎవలు సెప్పేరే?"

దండ తెంపి పారేసింది. చెంగు తడిపి ఆ బొట్టు తుడిచింది... తుడిచింది... తుడుస్తూనే ఉంది. కుంకుమతో పాటు మావయ్య ముఖం కూడా లేచిపోయింది. టోపీ, తెల్లచొక్కా మిగిలాయి.

సంగతి తెలిసి హెడ్మాస్టారు ఇంటికొచ్చి "గౌరవమే కదమ్మా చేశాం" అన్నారు.

"ఓడెక్కడ ములిగిందో ఒక్కలైనా సెప్పేరా బాబూ? దండెయ్యడానికైతే బేగి వొచ్చేరు" అంది అమ్మమ్మ.

అమ్మమ్మ బతికున్నన్నాళ్లూ మావయ్యకి కర్మ చేయనివ్వలేదు. మొండిముండ అని చుట్టాలంతా ఆడిపోసుకున్నారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది... మొండితనమా అది? అడిగినదానికి జవాబు చెప్పకుండా దండ వేసేస్తే ఏ తల్లి ఊరుకుంటుంది?

ఇప్పుడు ఇంకా ముదిరింది లెండి. యుద్ధం మాట వినబడితే చాలు... పేర్లయినా తేలకముందే ఫోన్లలో దండలు, కొవ్వొత్తులు, ఓం శాంతులు. ఆ ఇంట్లో ఎవరో ఇంకా కబురు కోసం చూస్తుంటారని ఒక్కరికీ తోచదు.

మీ ఇళ్లలో కూడా అలా వెళ్లి కబురు లేనివాళ్లుంటే ఇక్కడ రాయండి... అమరుడు, వీరుడు అని కాదు. నవ్వితే ఎలా ఉండేవాడో, ఎవరి పోలికో రాయండి. మా మావయ్య ముఖం నాకు గుర్తు రావడం లేదు... అడుగుదామంటే, చూసినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు.