హస్తవాసి లేని తల్లి

అది 1984 వేసవి. అప్పుడు నేను చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య ఒక సబ్‌సెంటర్‌లో ఎ.ఎన్.ఎం.గా పనిచేస్తున్నాను. ఎ.ఎన్.ఎం. అంటే పల్లెల్లో తిరిగే నర్సు. భుజాన మందుల సంచి, చేతిలో గొడుగు, కాళ్ళ కింద నల్లరేగడి. కాన్పులూ టీకాలూ మావే, వాటితోపాటు వచ్చే తిట్లూ మావే. నాకు నోరు కాస్త ఎక్కువని మా డాక్టరుగారు అనేవారు. ఆ నోరే లేకపోతే ఆ ఊళ్ళల్లో ఒక్క టీకా పడేది కాదని నేననేదాన్ని.

ఆ ప్రాంతంలో ఎండాకాలమంటే మిరప కల్లాలే. కోసిన కాయల్ని చేల దగ్గరే ఎండబోస్తారు. ఎండాక రంగుపోయిన తాలుకాయలు ఏరాలి, తొడిమలు తీయాలి, బస్తాలకెత్తి గుంటూరు పంపాలి. ఏరడం, తొడిమలు తీయడం అంతా ఆడవాళ్ళ పని. పొద్దున్నే వెళితే పొద్దువాలేదాకా అక్కడే. మరి పాలు తాగే పిల్లల సంగతి? కల్లం పక్కనే చీరతో ఉయ్యాల కట్టి పడుకోబెట్టేవాళ్ళు. పైనుంచి ఎండ, పక్కనుంచి ఘాటు. పాపం, ఆ పసివాళ్ళు తుమ్మి తుమ్మి, ఏడ్చి ఏడ్చి సోలిపోయేవాళ్ళు. మంచినీళ్ళు అడుగంటే సమయానికి సరిగ్గా విరేచనాలు కూడా మొదలయ్యేవి.

ఆ ఏడాది సువార్త టీచరు ఒక పని తలకెత్తుకుంది. ఆవిడ మా సబ్‌సెంటర్ కింది ఒక ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. బడికి సెలవులివ్వగానే పాస్టరుగారిని అడిగి చర్చి హాలు తాళంచెవి తెచ్చుకుని, కల్లాలకెళ్ళే తల్లుల పిల్లల్ని పగలంతా అక్కడ చూసుకుంటామని ఊళ్ళో చెప్పేసింది.

"ఎవరు చూస్తారండీ?" అని నేనడిగాను.

"మనమే," అంది, అదేదో ఎప్పుడో అనుకున్న మాటలాగా.

జీతం లేదు, భత్యం లేదు. అయినా మనుషులొచ్చారు! సెలవులకి ఇంటికొచ్చిన కాలేజీ అమ్మాయిలిద్దరు పాటలు నేర్పడానికి వచ్చారు. పనికి పోలేని ముసలమ్మలు ఉయ్యాలలు ఊపడానికి వచ్చారు. ఊళ్ళో రైతులు వంతులేసుకుని బండి మీద నీళ్ళ పీపా పంపేవారు, వాళ్ళ ఆడవాళ్ళు మజ్జిగ పంపేవారు. మొదట్లో ముక్కు విరిచినవాళ్ళు కూడా వారం తిరిగేసరికి తమ పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. ఊరవతల పల్లెలోని కూలీల పిల్లలూ ఊళ్ళో రైతుల పిల్లలూ ఒకే చాప మీద నిద్రపోవడం నేను ఆ వేసవిలోనే చూశాను.

నా వంతు పని విరేచనాల సంగతి చూడటం. విరేచనాలతో పిల్లలు చనిపోయేది డీహైడ్రేషన్ వల్ల, అంటే ఒంట్లో నీరు ఇంకిపోవడం వల్ల. పోయిన నీటిని వెంటనే నోటి ద్వారా తిరిగి పట్టిస్తే చాలామంది బతుకుతారు. అందుకోసం ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు ఉండేవి. ఉప్పూ చక్కెరా సరిపాళ్ళలో కలిపిన పొడి అది. మాకొచ్చేవి ఏ మూలకూ సరిపోయేవి కాదు. అవి లేనప్పుడు ఇంట్లో కలుపుకునే పద్ధతి కూడా ట్రైనింగులో నేర్పారు. కాచి చల్లార్చిన నీళ్ళు ఒక గ్లాసు, మూడు వేళ్ళకు వచ్చినంత ఉప్పు, నాలుగు వేళ్ళు మడిచి తీసినంత పంచదార. అందరి ఇళ్ళల్లో చెంచాలుండవు గనక చెయ్యే కొలత. ఇంకో నియమం కూడా ఉండేది. ఆ నీళ్ళు తల్లి చేతే కలిపించాలి. చూస్తే రాదు, చేస్తేనే వస్తుందని మా పైవాళ్ళ మాట.

ఆ తల్లుల్లో కరుణ ఒకతి. అప్పుడు దానికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవేమో. మొదటి కాన్పు. ఏడాది నిండని ఆడపిల్ల, పేరు దీవెన. ఇంట్లో అత్తగారు మార్తమ్మ. చూపు సరిగ్గా ఆనదు గనక ఆవిడ కల్లాలకు వెళ్ళడం మానేసింది. కళ్ళు చేయాల్సిన పని కూడా నోటితోనే నడిపిస్తుండేది.

దీవెనకి శుక్రవారం విరేచనాలు పట్టుకున్నాయి. శనివారం హాల్లో సువార్త టీచరు కరుణకి చూపిస్తూ తన చేత్తో ఉప్పు పంచదార నీళ్ళు కలిపి పట్టింది. పిల్ల గుటగుటా తాగింది, సాయంత్రానికి నవ్వింది కూడా. ఆదివారం హాల్లో ఆరాధన గనక పిల్లల కేంద్రం ఉండదు. కల్లాలకి మాత్రం ఆదివారం లేదు, సరుకు లారీకి ఎక్కించాలి. కరుణ పనికి పోయి మధ్యాహ్నం, సాయంత్రం ఇంటికి పరుగెత్తుకొచ్చి, అచ్చం టీచరు చేసినట్టే కలిపి పట్టింది. పిల్ల ఒక్క గుక్క తాగి కెవ్వుమని ఏడ్చి ఊసేసింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ అంతే. సోమవారానికి గ్లాసు కనిపిస్తేనే మొహం తిప్పేసుకుంటోంది.

సోమవారం మధ్యాహ్నం నేను హాలుకి వెళ్ళేసరికి సువార్త టీచరు ఊళ్ళో లేదు. బంధువుల పెళ్ళికి బాపట్ల వెళ్ళింది. గుమ్మంలో మార్తమ్మ పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. కల్లం నుంచి అప్పుడే పరుగెత్తుకొచ్చిన కరుణ పక్కన నిలబడి ఉంది.

వంగి పిల్లని చూశాను. కళ్ళు లోపలికి పోయాయి. ఏడుస్తోంది గానీ కన్నీళ్ళు లేవు. మాడు గుంటపడింది. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలితే టక్కున సర్దుకోవాలి. అది సోమరిగా సర్దుకుంటోంది. ఒంట్లో నీరు ఎంత తగ్గిందో చూడటానికి మేము చేసే పరీక్ష అది. ఇంకా చేయి దాటలేదు, కానీ దాటడానికి ఎంతో సేపు పట్టదు.

"ఒంటేలు పోసి ఎంతసేపయింది?" అన్నాను.

"పొద్దుట్నుంచీ లేదు నర్సమ్మా," అంది మార్తమ్మ. "అదిగో, లారీ ఉంది. గుంటూరు తీసుకుపోయి గ్లూకోజు ఎక్కిస్తాం. ఇక్కడ ఈ నీళ్ళతో ఒరిగేదేం లేదు."

చర్చి ఎదురుగా మిరప బస్తాలెత్తుతున్న లారీ ఉంది. ఆ మండుటెండలో, బస్తాల మీద, ఆ ఘాటులో ఈ పిల్లని గుంటూరు దాకానా? దారిలోనే ఏమైనా అవుతుందని నాకు భయం. వెళ్ళొద్దని చెప్పి, ఇక్కడ పిల్ల తాగకపోతే? అప్పుడు నేనేం చెయ్యాలి? నా సంచిలో చూసుకుంటే ఒక్క ప్యాకెట్ కూడా లేదు.

"బస్తాలెత్తడం అయిపోయేదాకా ఆగండి," అన్నాను. "అప్పటికీ తాగకపోతే నేనే మీతో లారీ ఎక్కుతాను. కరుణా, చేతులు కడుక్కుని నీళ్ళు కలుపు."

కరుణ కదల్లేదు. "నేను కలపను నర్సమ్మగారూ. మీరు కలపండి."

"ఎందుకు కలపవు?"

"నా చెయ్యి మంచిది కాదండి." ఆ మాట అనడానికి దానికి ఎంత కష్టమైందో దాని మొహమే చెప్పింది. "టీచరుగారు కలిపితే తాగింది. నేను కలిపితే ఊసేస్తోంది. కన్నతల్లిని, నా చేతి నీళ్ళే దానికి పడటంలేదు."

మార్తమ్మ అందుకుంది. "అందరికీ ఉంటుందా హస్తవాసి? ఆ టీచరమ్మది దేవుడిచ్చిన చెయ్యి. దీని చేత్తో మొక్క నాటినా బతకదు. నేను మొదట్నుంచీ చూస్తూనే ఉన్నా."

మా పక్క మంచి డాక్టరుకి హస్తవాసి ఉందంటారు. ఆయన చెయ్యి తగిలితే జబ్బు తగ్గుతుందని నమ్మకం. అది మంచి మాటే. కానీ ఆ మాటనే తిప్పి ఒక తల్లి నెత్తిన కొడుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"చెయ్యీ లేదు, గియ్యీ లేదు!" అన్నాను. "ఉప్పుకీ పంచదారకీ ఎవరి చెయ్యో తెలుస్తుందా? కలుపు, నేను చూస్తాను."

కరుణ బిందె దగ్గరికెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది. మూడు వేళ్ళతో ఉప్పు, నాలుగు వేళ్ళతో పంచదార. వేలుపెట్టి గిరగిరా తిప్పింది. కొలతలో వంక పెట్టడానికి లేదు. గ్లాసు పిల్ల పెదాలకి తగిలించామో లేదో, ఒక్క చుక్క లోపలికి పోగానే కెవ్వుమని విరుచుకుపడింది.

"చెప్పానా?" అంది మార్తమ్మ. అటు లారీ డ్రైవరు కేకేశాడు, "ఏమ్మోయ్, ఎక్కుతారా లేదా? ఇంకాసేపట్లో కదులుతున్నా!"

"ఏముందే ఇందులో, విషముందా? ఇట్టా తే!" అని కరుణ చేతిలోంచి గ్లాసు లాక్కున్నాను. అందరి కళ్ళముందే మిగిలిన నీళ్ళన్నీ గటగటా తాగేశాను. తాగి, "చూశావా, ఏమీ..." అనబోయాను.

మాట గొంతులోనే ఆగిపోయింది. ముందు పెదాలు, తర్వాత నాలుక, ఆ తర్వాత గొంతు భగ్గుమన్నాయి. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారాయి. నేనసలే కారం తక్కువ తినేదాన్ని.

"అయ్యో, నర్సమ్మక్కూడా పట్టుకుంది ప్రభువా!" అని మార్తమ్మ గుండెలు బాదుకుంది.

నేను దగ్గుతూనే కరుణ చెయ్యి పట్టుకుని వేళ్ళు వాసన చూశాను. సబ్బు వాసన వెనకాల అదే ఘాటు. అనుమానం తీరక దాని చూపుడువేలు నా నాలిక్కి తాకించుకున్నాను. ఇంకేముంది, సూదులు గుచ్చినట్టయింది.

"ఎన్నాళ్ళ నుంచి తొడిమలు తీస్తున్నావే?"

"ఈ ఏడు కల్లాలు మొదలైన దగ్గర్నుంచీనండి."

"ఇది నీకు మండటం లేదా?"

"మాకెందుకు మండుతుందండి? అలవాటైపోయింది. రెండుసార్లు సబ్బుతో కడిగాను కూడా."

మిరపకారం సబ్బూ నీళ్ళూ పెడితే పోయేది కాదు. చర్మంలోకి ఇంకిపోతుంది, నూనెకే వదులుతుంది. ఆ సంగతి వాళ్ళకి తెలియక కాదు. కల్లం నుంచి వచ్చిన ఆడది పిల్ల కళ్ళు తుడవాలన్నా, పాలివ్వాలన్నా ముందు చేతులకి నూనె పట్టించుకుంటుంది. అయితే ఇవి మందునీళ్ళు. మేము చేతులు శుభ్రంగా సబ్బుతో కడుక్కోమన్నాం, కడుక్కుంది. నూనె రాసుకోమని మేము చెప్పలేదు. మందు విషయంలో నర్సు చెప్పిన దానికి ఒక్క పిసరు తేడా చేయకూడదని ఆ పిల్ల భయం. ఇక తాగి చూసిందా అంటే, అదీ లేదు. పిల్లకిచ్చే మందు ఎంగిలి చేయకూడదని మార్తమ్మ ఆజ్ఞ.

"నీ చెయ్యి చెడ్డదే తల్లీ!" అన్నాను. దగ్గూ నవ్వూ కలిసి ఉక్కిరిబిక్కిరయ్యాను. "చాలా చెడ్డది! అది మిరపకాయ చెయ్యి! ఆ నీళ్ళలో కారం కలిపి పడుతున్నావు. పిల్ల తాగమంటే ఎట్టా తాగుద్దీ?"

కరుణకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తన అరచేతుల వంక చూసుకుంది, పిల్ల వంక చూసింది. తర్వాత, "అయితే ఇది... హస్తవాసి లేకపోవడం కాదా అండి?" అంది.

"కాదు. గుంటూరు సరుకు!" అన్నాను. ఉయ్యాలలూపుతున్న ముసలమ్మలు పకపకా నవ్వారు.

వెంటనే గ్లాసు మార్చాం. కాలేజీ అమ్మాయి ఒకతి పరుగెత్తుకెళ్ళి పాస్టరుగారింట్లోంచి చెంచా తెచ్చింది. ఉప్పుకీ, పంచదారకీ, తిప్పడానికీ ఇప్పుడు చెంచానే. వేలు తగలకూడదు. కలిపింది మాత్రం కరుణే. ముందు నేను రుచి చూశాను. కన్నీళ్ళంత ఉప్పగా, కాస్త తియ్యగా, సరిగ్గా ఉన్నాయి.

కానీ పిల్ల నోరు తెరవదే! రెండు రోజులుగా దానికి గ్లాసంటే మంటే. పెదాలు బిగించి, మొహం అటు తిప్పి, చేత్తో తోసేసింది. డ్రైవరు హారన్ కొట్టాడు. "గ్లాసు దాచెయ్. చెంచాతో చుక్క చుక్క పెదాల మీద వెయ్," అన్నాను. కరుణ వేసింది. పిల్ల నాలుక బయటికొచ్చింది. ఆగింది, మమ్మల్నందర్నీ అనుమానంగా చూసింది. మళ్ళీ నాలుక చాపింది. మూడో చెంచాకో నాలుగో చెంచాకో అది చెంచానే చిగుళ్ళతో కరిచి పట్టుకుంది. ఇక వదల్లేదు.

నేనే బయటికెళ్ళి లారీని పొమ్మన్నాను.

కక్కుతుందేమోనని ఆపి ఆపి పట్టిస్తూనే ఉన్నాం. గ్లాసు తర్వాత గ్లాసు. మధ్యలో కరుణ చేతులకి నూనె పట్టించుకుని, రుద్ది కడుక్కుని పాలిచ్చింది. మాకు కావలసింది ఒకే ఒక్కటి, పిల్ల ఒంటేలు పోయాలి. అది పోస్తే ఒంట్లోకి నీరు చేరినట్టు. ఎండ చల్లబడుతుండగా, పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చున్న మార్తమ్మ ఒక్కసారిగా గావుకేక పెట్టింది.

"పోసిందమ్మోయ్! నా చీరంతా తడిపేసింది ముండ! పోసింది!"

ఆ వార్త విని అంత సంబరపడ్డ రోజు నా సర్వీసులో ఇంకోటి లేదు. గోడకి ఆనుకుని కూర్చున్నాను. కరుణ మొహం చేతులతో కప్పుకోబోయి, చప్పున గుర్తొచ్చి ఆగిపోయి, కొంగుతో కప్పుకుని భోరుమంది. మార్తమ్మ ఆ తడిచీరతోనే లేచింది. పిల్లని కోడలి ఒళ్ళో పెట్టి, "ఏమే, ఏడుస్తా కూర్చుంటావా? ఇంకో గ్లాసు కలుపు. నువ్వే కలుపు. నీ చేత్తో అయితేనే తాగుద్ది," అంది.

బాపట్ల నుంచి వచ్చిన సువార్త టీచరు ఈ కథ విని పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ వారంలోనే ఇల్లిల్లూ తిరిగి చెంచాలు పోగుచేసుకొచ్చింది. చెయ్యి కొలతని మిరప ఊళ్ళల్లో మాన్పించమని నేను మా మీటింగులో నోరుచేసుకున్నాను. డాక్టరుగారు ఈసారి నా నోటిని మెచ్చుకున్నారు. మరుసటి వేసవి కేంద్రం తెరిచినప్పుడు కొత్త తల్లులకి నీళ్ళు కలపడం నేర్పింది కరుణే.

ఆ తర్వాత ఎన్నో ఊళ్ళు మారాను. ఎక్కడికెళ్ళినా ఎవరో ఒక తల్లి, "నా చెయ్యి మంచిది కాదండి, నా పాలు మంచివి కావండి, నా వేళ మంచిది కాదండి" అంటూ తలవంచుకుని నిలబడేది. దీవెన పుణ్యమా అని నాకు జవాబు వెతుక్కోవలసిన అవసరం రాలేదు. ఆ తల్లి చెయ్యి నా చేతిలోకి తీసుకుని, "ఈ చెయ్యి పొద్దుట్నుంచీ ఏం పని చేసొచ్చింది?" అని అడిగేదాన్ని.