ఓబక్క చెంబు

వానలే సరిగా పడని క్యాతగానచెర్లులో సోలార్ ప్లేట్లు కడిగే ఓబక్క, బకెట్ అడుగున మిగిలిన నీళ్లను కూడా పారబోయకుండా వేపమొక్కకు పోస్తుంది. ధర్మస్థల దర్శనమయ్యాక, తోటి పనివాళ్లతో ఉడుపి దగ్గర ఏట్లో పడవెక్కింది. అన్ని నీళ్లు ఆమె ఎన్నడూ చూడలేదు. గంగమ్మకు కాలు తగులుతుందేమోనని చెప్పులు విప్పి, కాళ్లు ముడుచుకుని, పక్కనున్న సవిత కొంగు పట్టుకుంది. నడిమధ్యకు పోయేసరికి పడవ అడుగున నీళ్లూరాయి. "భయం లేదక్కా, తోడి పారబోయండి" అని పడవాయన మెల్లగా చెప్పి చెంబిచ్చాడు. ఓబక్క తోడింది కానీ, ఒక్కో చెంబునూ "తప్పయిందమ్మా" అని కళ్లకద్దుకుని గానీ వంచలేదు.

"బిన్నా పొయ్యి ఓబక్కా, తడవు చేస్తే మునిగిపోతాం! ఈడ నీళ్లకేమన్నా కరువుండాదా?" అని సవిత అరిచింది.

ఒడ్డు తగిలేదాకా ఓబక్క తలెత్తలేదు. ఆఖరి చెంబును రెండు చేతులా పట్టుకుని దిగి, కొబ్బరి మొక్క దాకా నడిచి పోసింది.