కంతల మావయ్య

ఆ ఇంటి పెద్దాయన కంటికి కంత కనపడకూడదు. తలుపు కింద సన్నని సందు కనిపించినా సరే, తింటున్న కంచం ముందు నుంచి లేచి వెళ్లి పూడ్చి వచ్చేవాడు. జీవితమంతా ఫ్రిజ్‌లు బాగుచేసిన మనిషి. లోకంలోని కష్టాలన్నీ తలుపులు సరిగ్గా పడకే వస్తున్నాయని ఆయన గట్టి నమ్మకం. వీధిలో ఆయన పేరు కంతల మావయ్య. కోడలు పైకి మావయ్యా అని పిలిచినా, మనసులో ఆమెకూ అదే పేరు.

ఆయన తొలిసారి ఆమె పుట్టింటికి వచ్చిన రోజున మనుషుల్ని పలకరించలేదు. నేరుగా కిటికీ దగ్గరికి నడిచి, జేబులోంచి రబ్బరు పట్టీ తీసి అతికించాకే కూర్చున్నాడు.

ఆ వానాకాలం ఆయన దృష్టి పెరట్లోని రేకుల షెడ్డు మీద పడింది. కప్పు మీది ప్రతి బోల్టు చుట్టూ తారు పూశాడు. గోడలకూ, కప్పు లోపలి వైపూ థర్మాకోల్ పలకలు అతికించి, పైన ప్లైవుడ్ కొట్టించాడు. తలుపు అంచులకు ఫ్రిజ్ రబ్బరు బిగించాడు.

"ఇంత ముస్తాబు ఎవరికండీ?" అంది అత్తగారు.

"పనిముట్లకి. తుప్పు పడుతున్నాయి."

"నా కీళ్లూ తుప్పుపట్టాయి. నాకూ ఓ థర్మాకోల్ ముక్క వేయండి."

వడ్రంగి మాత్రం నవ్వలేదు. "గాలికి ఓ చిల్లు ఉంచాలయ్యా. లేకపోతే లోపల ఉక్కపోసి చెమ్మ పడుతుంది."

"నిన్ను పిలిచింది మూయడానికి, తెరవడానికి కాదు."

పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. వడ్రంగి సామాను సర్దుకుని వెళ్లిపోయాడు.

ఈ తమాషాలకు నవ్వే స్థితిలో కోడలు లేదు. చూపులేని పిల్లల కోసం ఆమె ఇంట్లోనే పాఠాలు చదివి, రికార్డు చేసి ఒక సంస్థకు పంపుతుంది. ఆ మధ్య పంపినవన్నీ తిరిగొచ్చాయి. పాఠం వెనక కుక్కరు కూత, స్కూటర్ల మోత, రేకుల మీద వాన. ఇంకోసారి ఇలాగే వస్తే వేరే గొంతు చూసుకుంటామని సంస్థవాళ్లు ఫోనులో అన్నారు. ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు.

పని పూర్తయిన రోజు ఆయన ఆమెను షెడ్డులోకి పిలిచాడు. లోపల ఒక బల్ల, కుర్చీ. తలుపు మూయగానే వీధి మాయమైంది. పైన కురుస్తున్న వాన ఎక్కడో పక్క ఊళ్లో పడుతున్నట్టుంది.

"మరి పనిముట్లు, మావయ్యా?"

"మంచం కింద పడుంటాయిలే. ఆ రోజు నువ్వు ఫోనులో మాట్లాడుతుంటే విన్నానమ్మా. కుళాయి పక్కన గోడ కంత పూడుస్తూ కూర్చున్నా."

ఆమె కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది. కూర్చుని ఒక పాఠం చదివింది. బయటికి వచ్చేసరికి చెమటతో తడిసి, ఊపిరి కోసం గుమ్మం పట్టుకుంది. ఆయన ఆమె ముఖం చూశాడు.

మర్నాడు పొద్దున అత్తగారు పెరట్లోకి వచ్చి నిలబడిపోయింది. ఆయన స్వయంగా డ్రిల్లు పట్టుకుని, బిగించిన గోడకే చిల్లు పెడుతున్నాడు. ముఖం చూస్తే సొంత పన్ను పీక్కుంటున్నట్టుంది. చప్పుడు లోపలికి పోకుండా, గాలి మాత్రం ఆడేలా దానికొక వంపు గొట్టం అమర్చాడు.

"ఇన్నేళ్ల కాపురంలో మీరు ఓ కంత పెట్టగా చూడటం ఇదే మొదలు," అంది ఆవిడ.

"నెమ్మదిగా మాట్లాడవే," అన్నాడాయన తలుపు వైపు చూస్తూ. "అమ్మాయి పాఠం మొదలుపెట్టే వేళయింది."