మానుకోటలో నన్ను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టిన సర్వపిండి

టైఫాయిడ్ తగ్గి నెల దాటినా మా కిట్టు తిండికి నోరు తెరవలేదు. మాటలకైతే లోటు లేదు, నోరు మూతపడదు. ఎనిమిదేళ్ల పిల్లవాడు వారాల తరబడి జావ, బ్రెడ్డు, మెత్తటి ఇడ్లీల మీద బతికాడు. తీరా డాక్టరు గారు "ఇక అన్నీ పెట్టండమ్మా, ఆకలి దానంతట అదే వస్తుంది" అనేసరికి వాడికి కంచం చూస్తేనే విసుగు పుట్టింది. రెండు ముద్దలు, ఆ తర్వాత "చాలమ్మా". పులిహోర కలిపాను, బంగాళదుంప వేపుడు చేశాను, బతిమాలాను, బెదిరించాను, పక్కింటావిడ చెప్పిందని వాము కషాయం కూడా పట్టాను. స్నానం చేయించేటప్పుడు వాడి భుజాల ఎముకలు చేతికి తగిలితే నాకు ఏడుపొచ్చేది.

ఒక శుక్రవారం మా ఆయన ఆఫీసు నుంచి వస్తూనే "రేపు మానుకోట పోదాం" అన్నారు. మహబూబాబాద్‌ను ఆ చుట్టుపక్కల వాళ్లంతా అలాగే పిలుస్తారు. ఆయన సొంతూరు నెల్లికుదురు వైపు, ఇంటర్ చదివింది మానుకోట హాస్టల్లో. "గాడ సర్వపిండి తిన్నోడు ఎవ్వడు తిండి వద్దనలే" అని ఆయన ధీమా. నాది ఏలూరు. జ్వరాన పడి లేచిన పిల్లాడికి కారం పెట్టి మళ్లీ మంచం ఎక్కిస్తారా అని ఇంతెత్తున లేచాను. "పిల్లల్ని రెండు రోజులు తిప్పినట్టుంటది. తినకుంటే తినకపాయె" అన్నారాయన. మా పెద్దది శ్రావ్యకు పదకొండేళ్లు. అది అప్పటికే బ్యాగు సర్దేసింది. తండ్రీకూతుళ్లు ఒకటైతే మా ఇంట్లో నా మాట చెల్లదు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి సికింద్రాబాద్‌లో రైలెక్కాం. జనగామకు గంటన్నర ప్రయాణం. భువనగిరి గుట్ట కనిపించేటప్పుడు పిల్లలు కుడివైపు, ఎడమవైపు కిటికీల మధ్య పరుగులు పెట్టారు. జనరల్ టికెట్లు నలుగురికీ కలిపినా పెద్ద ఖర్చేం కాదు, కానీ పండగల ముందు మాత్రం సీటు మీద ఆశ పెట్టుకోకండి. జనగామలో దిగి ఎండెక్కే దాకా బజారులో తిరిగి, మధ్యాహ్నానికి బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం. బగార అన్నం, కోడికూర, చింతపండు పులుపుతో పప్పుచారులా ఉండే దాల్చా. బగార అన్నం అంటే మసాలా దినుసులు, పుదీనాతో పోపు వేసి వండే అన్నం. బిర్యానీకి చుట్టమే గానీ బిర్యానీ అంత హంగామా ఉండదు. శ్రావ్య రెండోసారి పెట్టించుకుంది. కిట్టు రెండు ముద్దలు తిని చేతులు తుడుచుకున్నాడు.

హోటలు పెద్దాయన, తెల్లగడ్డం భాయ్, వాడి కంచం చూసి ఆగాడు. "ఏంది బేటా, మంచిగ లేదా?"

"మంచిగుంది తాతా. చాలు."

"జర దాల్చా పోస్కో. పుల్లపుల్లగ నోటికి తగుల్తది."

వాడు మర్యాదకు ఒక్క చెంచా తాగాడు. నేను ఆ చెంచా వైపే చూస్తున్నాను. రెండోది పోసుకుంటాడేమోనని కాసేపు నా అన్నం కలపడం కూడా మర్చిపోయాను. పోసుకోలేదు.

రెండున్నరకి మళ్లీ రైలు. కాజీపేట, వరంగల్, నెక్కొండ, కేసముద్రం దాటి మహబూబాబాద్‌కు రెండు గంటల పైనే పట్టింది. స్టేషన్ ఎదురుగా లాడ్జిలో గది తీసుకున్నాం. పన్నెండొందలు, పరుపులు శుభ్రం, వేడినీళ్లు అడిగితే బకెట్లో తెచ్చిస్తారు. సాయంత్రం మా ఆయన తన కాలేజీ రోడ్డంతా తిప్పి, ఇక్కడ సైకిల్ పంక్చరైంది, అక్కడ లెక్చరర్‌కు దొరికిపోయాం అంటూ ఊదరగొట్టారు. బండి మీద మిర్చి బజ్జీలు కొన్నాం. కిట్టు పైపొర గిల్లి నాలుక మీద పెట్టుకుని మిగతాది అక్కకిచ్చేశాడు. ఆ క్షణం నాకు మండిపోయింది. "ఇంత దూరం తెచ్చారుగా, చూడండి మీ మానుకోట మహిమ" అన్నాను. పాపం, ఆయన ముఖం కూడా చిన్నబోయింది.

ఆదివారం ఏడున్నరకి మార్కెట్ వెనక సందులోకి తీసుకెళ్లారు. రేకుల చూరు కింద మూడు కట్టెల పొయ్యిలు, వాటి మీద మసిబారిన గుండ్రటి గిన్నెలు. ఆ గిన్నె పేరే సర్వ, దాన్లో వండేది కాబట్టే సర్వపిండి. వండుతున్నావిడ యాకవ్వ. అరవై దాటి ఉంటాయి, గొంతు మాత్రం ఆ సందు మొత్తానికీ సరిపోతుంది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిపాయ, కరివేపాకు, కారం కలిపి, ఆ ముద్దను సర్వ లోపలి గోడలకు చేత్తో పలుచగా అద్దుతుంది. వేలితో అక్కడక్కడా బొక్కలు పెట్టి, వాటిలో నూనె పోసి మూత పెడుతుంది. పిల్లాడికి కారం తగ్గించమంటే ముఖం చిట్లించింది గానీ, వాడి కోసం కాస్త పిండి విడిగా కలిపింది.

కిట్టు పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. "బొక్కలెందుకు అవ్వా?"

"నూనె ఆగొద్దా మరి? రా, నువ్వు పెట్టు. గోరుతోని కాదు, వేలుతోని."

వాడు నాలిక బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా బొక్కలు పెట్టాడు. పది నిమిషాలకు పైగా మూత మీద నుంచి ఆవిరి చూస్తూ కూర్చున్నాడు. అంచులు ఎర్రబడి సర్వ నుంచి ఊడొచ్చిన సర్వపిండిని యాకవ్వ విస్తరాకులో వేసి వాడి ముందు పెట్టింది. నేను చటుక్కున వంగి వాడి ముఖంలోకి చూశాను. తుంచుతాడా? ఎంత తుంచుతాడు? నములుతాడా, బుగ్గన పెట్టుకుంటాడా?

"ఓ బిడ్డా!" యాకవ్వ గొంతుకు నేను ఉలిక్కిపడ్డాను. "ఏంది గట్ల నోట్లకు సూస్తున్నవ్? నా పొయ్యి ముంగట తినేటోల్ల నోట్లకు సూసుడు లేదు. దిష్టి తగుల్తది."

"నా కొడుకే అవ్వా!"

"అయితే ఇంకా చెడ్డది. కన్నతల్లి దిష్టికి మందు లేదు. గోడ దిక్కు తిరుగు."

నా బిడ్డకు నా దిష్టా! నాకు ఒళ్లు మండింది. మా ఆయన వైపు చూస్తే ఆయన నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకుంటున్నారు. సందులో నలుగురూ చూస్తున్నారు, యాకవ్వ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. తిరిగాను. చిన్న పీట మీద, సున్నం పెచ్చులూడిన గోడకు ముఖం పెట్టి, శిక్ష పడిన స్కూలు పిల్లలా కూర్చున్నాను.

వెనక ఏ చప్పుడూ లేదు. "శ్రావ్యా, ఏం చేస్తున్నాడే?" అన్నాను మెల్లగా.

"చెప్పొద్దంట, అవ్వ అంటుంది."

కాసేపటికి వినిపించింది. కరకర. ఆగింది. మళ్లీ కరకర. ముక్కు ఎగపీల్చిన చప్పుడు, "హా... హా..." అని కారానికి ఊదుకోవడం, మళ్లీ కరకర. నేను రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. వెనక్కి తిరగాలని మెడ లాగేస్తోంది. తిరిగితే ఆగిపోతుందేమోనని భయం. అప్పటిదాకా దిష్టి మీద నమ్మకం లేని మనిషిని, ఆ నిమిషాన పూర్తిగా నమ్మేశాను.

"అవ్వా, ఇంకోటి!"

"సర్వ సల్లారాలె కొడుకా. వేడి గిన్నెకు పిండి అంటుకోదు."

"ఇంకెంతసేపు?"

ఇంక ఆగలేదు, తిరిగేశాను. విస్తరాకు ఖాళీ. మూతి నిండా నూనె, ముక్కు ఎర్రగా, కళ్లల్లో నీళ్లు. కారం తగ్గించినా అది మానుకోట కారమే మరి. వాడు సర్వ పక్కన కూర్చుని విసనకర్రతో దాన్ని చల్లారుస్తున్నాడు. మా ఆయన నా కళ్లు చూసి "కారమా?" అని అడిగారు. నేను అప్పటికి తుంచి కూడా చూడలేదు. రెండోది వాడు సగం తిన్నాడు, మిగతా సగం నాకిచ్చాడు. నిజం చెప్పాలంటే ఏలూరు దానినైన నాకు కూడా ఎంతో రుచిగా ఉంది. యాకవ్వను దిష్టి పోయినట్టేనా అని అడిగితే, "నువ్వు ఇంటికి పోయినంక కూడ సూడకుంటే" అని మరో సర్వ పొయ్యి మీద పెట్టింది.

మధ్యాహ్నం మార్కెట్లో కిలో ఎండుమిర్చి కొని తిరుగు రైలెక్కాం. వాడికి ఆకలి ఎందుకు పుట్టిందో మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. ఒంట్లో నీరసం తగ్గే రోజు అదే అయి ఉంటుందని నేనంటాను, కారం మహిమ అని మా ఆయన, తను పెట్టిన బొక్కల వల్లే రుచి వచ్చిందని కిట్టు. ఏదైనా కానివ్వండి, నాకేం పేచీ లేదు. మీరు పిల్లలతో వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. పొద్దున ఎనిమిది లోపే వెళ్లి, పిండి కలపక ముందే కారం సంగతి చెప్పండి. కలిపాక ఇక తగ్గించడానికి ఉండదు, సర్వ చల్లారే దాకా ఆగాలి కాబట్టి ఆలస్యంగా వెళ్తే మీ వంతు రాకపోవచ్చు.

రైల్లో కిట్టు కేసముద్రం రాకముందే నా ఒళ్లో నిద్రపోయాడు. ఆలేరు దాటాక కళ్లు తెరిచి, కాసేపు కిటికీలోంచి చూసి, ఆవలిస్తూ అడిగాడు, "అమ్మా, ఇంటికెళ్లాక కూరేంటి?" నాకు యాకవ్వ మాట గుర్తొచ్చింది. కిటికీ వైపు తిరిగి చెప్పాను.