పెడముఖం పెట్టిన ధారలు

ఆటోనగర్ వైపు వెళ్ళినప్పుడల్లా ఆ డీజిల్ వాసనకి ప్రాణం లేచొస్తుంది. కాలేజీలో పాఠాలు చెబుతూ పరిశోధన చేసుకున్న రోజుల్లో, బెంజ్ సర్కిల్‌లో బస్సు దిగి, ఆటో పట్టుకుని, ఒక డీజిల్ పంపు మెకానిక్ షెడ్డుకి వెళ్ళేవాణ్ణి. అందరూ ఆయన్ని భాయ్ అనేవారు. లారీ ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ బాగుచేశాక, దాంతో పాత క్యాలెండర్ కాగితం మీద చిమ్మించి, పడిన మచ్చని బట్టి దాని మంచిచెడ్డలు చెప్పేవాడు. నాకు టీ తెప్పించి, ఆ మచ్చలు చదవడం నేర్పాడు.

నీటిలో బుడగల మీద నా ప్రయోగానికి పలక ఆయనే చేసిచ్చాడు. అందులో చీపురుపుల్ల పట్టేంత గాడి, పైన గాజు మూత. గాడిలో నీళ్ళు నింపి, రెండుచోట్ల కరెంటుతో నిప్పురవ్వ పుట్టిస్తే రెండు బుడగలు ఉబ్బి, వెంటనే కూలిపోతాయి. రెండూ ఒకేసారి పుడితే, కూలేటప్పుడు ఒక్కొక్కదాన్నీ చీల్చుకుని సూదిలాంటి నీటిధార రెండోదాని వైపు దూకాలి. కెమెరాలో చూస్తే నా ధారలు పెడముఖం పెట్టి చెరో దిక్కుకీ పోయాయి.

షెడ్డుకి వెళ్ళి, గాడి వంకరన్నాను. పనివాళ్ళ ముందే పలకని ఆయన బల్ల మీద పడేశాను. ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు.

"గాడి వంకరైతే ధార పక్కకి పోవాలి సార్. వెనక్కెందుకు తిరుగుద్ది? మీ టైమింగ్ చూసుకోండి."

డీజిల్ పంపులవాళ్ళకి ప్రతి జబ్బుకీ టైమింగే కారణం అనుకున్నాను. ఆయన పని నమ్మొద్దని కాలేజీలో అందరికీ చెప్పాను. మా వాళ్ళెవరూ మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళలేదు.

మొన్న సెలవుల్లో ఆ పాత వీడియోలు ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూశాను. ఒక బుడగ కూలుతుంటే రెండోది అప్పుడే ఉబ్బుతోంది. రెండో రవ్వ ఆలస్యంగా వచ్చింది, అందుకే ధారలు వెనక్కి తిరిగాయి. ఆ వైరింగ్ చేసింది నేను.

ఫోన్లో వీడియో వేసుకుని షెడ్డుకి వెళ్ళాను. ఆయన గడ్డం తెల్లబడింది. క్యాలెండర్ కాగితాలు మాత్రం అలాగే ఉన్నాయి. తప్పు నాదేనని చెప్పాను. ఆయన వీడియో రెండుసార్లు చూసి, టీ చెప్పాడు.

"నాకెందుకు సార్ ఇది? నాకు ఆ రోజే తెలుసు. మీ సార్లకి చూపించండి."

సోమవారం స్టాఫ్‌రూమ్‌లో చూపించాను. అప్పటివాళ్ళు ఇద్దరే మిగిలారు. ఇన్నేళ్ళకా అన్నాడు ఒకాయన. తక్కినవాళ్ళంతా రిటైరయ్యారు. వాళ్ళ అడ్రసులు ఆ సార్‌నే అడిగి రాసుకున్నాను. మొదటి ఇల్లు హనుమాన్ జంక్షన్‌లో.